సిస్టరమ్మ, ఎదుటి బీడులో సాలీళ్లు

సిస్టరమ్మ ఇక లేరన్న కబురు నాకు బడిలో అందింది. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడుతున్నారు. కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. సిస్టరమ్మ చెల్లెలి కూతురు.

"అక్కా, పెద్దమ్మ పోయిందక్కా. తెల్లారి లేపితే లేయలేదు," అంది. గొంతులో ఏడుపు లేదు. బాగా అలసిపోయిన మనిషి గొంతు. "రేపు మదనపల్లెకే తీసుకొస్తాండాము. అవ్వాతాతల సమాధులు ఆడే కదా ఉండేది. మీరు వస్తారు కదక్కా?"

"వస్తానమ్మా" అన్నాను. ఇంకేదో అనాలి. అప్పటికే ఒక పిల్ల నా కొంగు పట్టుకుని, "టీచర్, నాకు గుడ్డు రాలేదు" అంటోంది. గుడ్డు ఇప్పించాను. గంట కొట్టాక క్లాసులోకి వెళ్లి పాఠం చెప్పాను. ఏ పాఠమో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

ఆమె మీకు తెలిసిన మనిషి అయ్యే అవకాశం తక్కువ. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో ఉద్యోగమంతా గడిపి రిటైరయిన నర్సు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక పుంగనూరు వచ్చి, పెద్దపంజాణి పోయే దారిలో, ఊరు అయిపోయే చోట, మా పక్కింట్లో అద్దెకు దిగారు. ఇక్కడికే ఎందుకు వచ్చారని అడిగితే, "మదనపల్లెలో నా చర్చి ఉండాది, కుప్పంలో నా చెల్లెలు ఉండాది. రెండిటికీ నడుమ బస్సు ఆగే ఊరు ఇదే కదా" అని నవ్వేవారు. చెల్లెలు తర్వాత రెండేళ్లకే పోయింది. కూతురు మిగిలింది. ఈమె ఊరు మారలేదు.

మా వీధిలో ఆమెను అందరూ సిస్టరమ్మ అనే పిలిచేవాళ్లం. తెల్లచీర, గుండ్రటి కళ్లద్దాలు, ఎప్పుడూ సబ్బు వాసన వేసే చేతులు. ఏ పని మొదలుపెట్టినా చేతులు కడుక్కుని మొదలుపెట్టేవారు. వీధిలో ఎవరింట్లో ఏ గొడవ జరిగి ఎవరు ఏడుస్తూ వచ్చినా, "ముందు చేతులు కడుక్కో. ఏడ్సేది తర్వాత" అనేవారు. ఆశ్చర్యమేమిటంటే, చేతులు కడుక్కుని వచ్చేసరికి సగం ఏడుపు తగ్గిపోయేది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. గ్యాసు బండ వేసే అతనైనా, కరెంటు మీటరు చూసే అమ్మాయైనా, నలభై ఏళ్ల లోపు మనిషి గుమ్మంలోకి వస్తే చాలు, "నువ్వు యాడ పుట్టినావప్పా?" అని అడిగేవారు. మదనపల్లె ఆసుపత్రిలో అని చెబితే ముఖం వెలిగిపోయేది. "అయితే నిన్ను నేనే ఎత్తుకునింటా" అనేవారు. నిజమో కాదో ఎవరికి తెలుసు. గ్యాసు అతను మాత్రం ఆ రోజు నుంచి ఆమె బండను లోపలి దాకా మోసుకొచ్చి పెట్టేవాడు.

మాకు స్నేహం కుదిరింది మా అత్త నడుము మీద లేచిన పొక్కుల వల్ల.

సిస్టరమ్మ వచ్చిన కొత్త. వానలు మొదలైన రోజులు. మా అత్తకు నడుముకు ఒకే పక్క ఎర్రగా పొక్కులు లేచాయి. మంట తట్టుకోలేక మూలిగేది. "సాలీడు ఉచ్చ పోసిండాది. ఎదురుగా ఆ బీడు ఉండేదాకా మనకీ పీడ తప్పదు" అంటూ, నేను వద్దంటున్నా వినకుండా చీపురు పుచ్చుకుని వాకిట్లోకి వెళ్లింది. మెట్ల పక్కన ఒక సాలీడు పాకుతోంది. మట్టిరంగు. కాళ్లన్నీ కలిపి రూపాయి బిళ్లంత ఉంటుంది. అత్త చీపురు ఎత్తింది.

"అమ్మా, అమ్మా, ఆగు! దాని ఈపు సూడు!"

పిట్టగోడ అవతల నుంచి సిస్టరమ్మ. మేమిద్దరం వంగి చూశాం. సాలీడు వీపు మీద బూజు పట్టినట్టుంది. ఇంకా వంగితే తెలిసింది, బూజు కాదు, పిల్లలు. ఆవగింజ కంటే చిన్నవి. ఒకదాని మీద ఒకటి ఎక్కి, తల్లి వీపు కనబడకుండా కప్పేశాయి.

"ఇప్పుడు కొడితే తల్లి ఒకటే సస్తుంది. పిల్లలన్నీ సెదిరి నీ ఇంట్లోకే వస్తాయి," అన్నారు సిస్టరమ్మ. మా అత్త చీపురు దించింది. జాలి వల్ల కాదు, భయం వల్ల. మా అత్తతో ఎలా మాట్లాడాలో ఆమెకు మొదటి రోజే తెలిసిపోయింది.

తర్వాత చేతులు కడుక్కుని వచ్చి పొక్కులు చూశారు. "ఇది సాలీడు పని కాదమ్మా. సర్పి. నీకు సిన్నప్పుడు ఆటలమ్మ పోసింటుంది. ఆ విత్తనం లోపలే పండుకోనుండి ఇన్నాళ్లకి లేసిండాది. ఆ పురుగు నేలమీద దాని బతుకు అది బతుకుతాండాది. దానిమీద నేరం యాల ఏస్తావు?"

"మా అమ్మ కూడా సాలీడే అని సెప్పేది," అంది అత్త, ఒప్పుకోకుండా.

"మా అమ్మ కూడా అట్లనే సెప్పేది. నేను నర్సు సదువు సదివొచ్చి సెప్పినా ఆయమ్మ నమ్మలేదు," అని నవ్వారు సిస్టరమ్మ. ఆ పూటే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మాత్రలు మొదలుపెట్టాక కూడా అత్త ఎర్రమట్టి పూయించుకుంటానని పట్టుబడితే, "పూసుకో. పొక్కులు లేని సోట పూసుకో" అని సర్ది చెప్పారు.

మా ఇళ్ల ఎదురుగా ఉన్న ఆ బీడు గురించి చెప్పాలి. పెద్ద స్థలమేమీ కాదు. ఎప్పుడో సేద్యం మానేసిన చేను. తంగేడు చెట్లు, మోకాలెత్తు గడ్డి, ఒక పక్క చేనులోంచి ఏరి పోసిన రాళ్లకుప్ప. వాన పడితే నడుమ సన్నగా నీళ్లు పారేవి. మాకు అది మేకలు మేసే చోటు, చెత్త పారేసే చోటు. సిస్టరమ్మకు మాత్రం నిండా కాపురాలున్న వీధి. సాయంత్రం టీ తాగి, చేతికర్ర పట్టుకుని, ఆ రాళ్లకుప్ప పక్కన నిలబడేవారు. మెల్లగా నన్నూ పిలవడం మొదలుపెట్టారు.

గూడు కట్టే సాలీడు వేరు, ఇది వేరు అని నాకు తెలిసింది అక్కడే. ఇది దారం అల్లి కాచుకుని కూర్చోదు. నేలమీదే తిరుగుతుంది. గడ్డి మొదళ్లలో, ఎండుటాకుల కింద, రాళ్ల సందున ఉంటుంది. దోమో, చిన్న పురుగో కనబడితే పరిగెత్తి పట్టుకుంటుంది. గుడ్లన్నీ తెల్లటి ఉండలా చుట్టి, ఆ ఉండను పొట్ట చివర తగిలించుకుని ఎక్కడికి పోయినా మోసుకుపోతుంది. పొద్దున ఎండ వస్తే రాయి మీదికి వచ్చి ఆ ఉండకు ఎండ తగిలేలా నిలబడుతుంది. పిల్లలు బయటికొచ్చే వేళకు ఆ ఉండ అంచును తనే కొరికి విప్పుతుంది. అవి బిలబిలమంటూ వీపెక్కుతాయి. కొన్ని రోజులు అట్లా మోసి, తర్వాత ఎవరి దారిన వాళ్లను వదిలేస్తుంది.

"ఆ ఉండ విప్పేదానికి దానికి ఎవురూ సాయం ఉండరు సూడు," అన్నారు ఒకసారి. కాన్పుల వార్డు మనిషి చూపు అది.

పొద్దు గూకాక టార్చిలైటు నుదుటికి ఆనించి పట్టుకుని గడ్డిలోకి చూడమన్నారు. చూశాను. గడ్డిలో అక్కడక్కడా మంచు బొట్లు మెరుస్తున్నాయి. ఆ రోజు మంచు లేదు. మబ్బు లేదు. నేను అడుగు వేస్తే ఒక బొట్టు పక్కకు జరిగింది. అవన్నీ కళ్లు. వెలుగు తగిలి పచ్చగా మెరిసే సాలీళ్ల కళ్లు. మా అత్తను కూడా పిలుచుకొచ్చి చూపించాను. చాలాసేపు చూసి, "ఇన్ని ఉండాయా పిల్లలతల్లులు!" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ సాలీడుకు అదే పేరు.

ఇవంటే మీకు ఎందుకింత ఇష్టమని అడిగాను. వెంటనే చెప్పలేదు. తర్వాతెప్పుడో, చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పారు. ఉద్యోగంలో చేరిన తొలిరోజుల్లో ఒక కాన్పులో తల్లి దక్కలేదు. బిడ్డ దక్కింది. ఈమె ఆ బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, బయట నిలబడిన అవ్వ చేతుల్లో పెట్టి, డ్యూటీ దిగి క్వార్టర్స్‌కు నడుస్తూ దారిలో ఒక మెట్టు మీద కూర్చుండిపోయారు. అప్పుడు కాళ్ల దగ్గర గడ్డిలో, పిల్లల్ని వీపున వేసుకుని ఒక సాలీడు పోతోంది.

"ఎంతసేపు సూసినానో తెలీదు టీచరమ్మా. అది గడ్డి దాటి పోయేదాకా సూసినా. తర్వాత లేసి పోయి అన్నం తిన్నా."

"ఆ తల్లికి ఏమీ చేయలేకపోయారా?"

"సేసేదంతా సేసినారు డాక్టరమ్మ. కొన్నిసార్లు సేసేదేమీ ఉండదు. అప్పుడు మేము కుర్సీని మంచం దగ్గరికి జరుపుకుంటాము. అంతే."

ఒక ఏడు బీడులోకి మేకల మంద వచ్చి పోయింది. మరునాడు సిస్టరమ్మ నన్ను పిలిచి రాళ్లకుప్ప దగ్గర ఒక సాలీడును చూపించారు. పొట్ట చివర ఉండ ఉంది, కానీ నల్లగా ఉంది. చూస్తే అది ఎండిన మేక పెంటిక. తొక్కిడిలో గుడ్ల ఉండ ఎక్కడో ఊడిపోయింది. వెతికి వెతికి, చేతికి దొరికిన ఇంకోదాన్ని తగిలించుకుంది. దాన్నే జాగ్రత్తగా ఎండకు చూపిస్తోంది.

"తీసేద్దామా?" అన్నాను.

"తీసి ఏం ఇస్తావు?" అన్నారు సిస్టరమ్మ. కాసేపటికి, "అది కాదని దానికి సెప్పేదెట్ల?" అన్నారు.

బీడు అమ్ముడుపోయిందని తెలిసేసరికే జేసీబీ వచ్చి నిలబడింది. వానలు పడిన పదిహేను రోజులకు. సిస్టరమ్మ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా రోడ్డు దాటి వెళ్లారు. నేను వెనకే వెళ్లాను. ముప్పై ఏళ్ల డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, మర్యాదగానే నిలబడ్డాడు.

"నువ్వు యాడ పుట్టినావప్పా?" అన్నారు. ఆ సమయంలో కూడా.

"మదనపల్లెలో అవ్వా. యాల?"

"ఊరికే. ఒక మాట. ఇప్పుడు ఈడ తల్లులన్నీ పిల్లల్ని మోసుకోనుండాయి. నెల తర్వాత సదును సేసుకో. అప్పటికి పిల్లలు ఎవురి దోవ వాళ్లు పట్టుకుంటాయి."

అతనికి ఏ తల్లులో అర్థం కాలేదు. నేను చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "నాదేముందవ్వా. ఓనరు సెప్పింది సేసేటోణ్ణి. ఈ పని నేను సేయకుంటే రేపు ఇంకోడు వస్తాడు," అన్నాడు. ఓనరుకు ఫోన్ కలిపి ఇచ్చాడు కూడా. ఆయన ఓపిగ్గా విని, "అట్లనే మేడం, సూస్తాము మేడం" అన్నాడు. డ్రైవరు ఆ సాయంత్రం వరకు రాళ్లకుప్ప పక్కన ఒక పట్టీ వదిలేసి మిగతాదంతా చదును చేశాడు. అది అతను చేయగలిగింది. మరునాడు నిజంగానే ఇంకొకతను వచ్చాడు. రాళ్లకుప్ప ట్రాక్టరులోకి పోయింది. మేమిద్దరం వాకిట్లో నిలబడి చూశాం. నాలుగు మూలలా తెల్ల రాళ్లు పాతారు.

ఆ వారమంతా సాలీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. బియ్యం డబ్బా వెనక, స్నానాల గదిలో, చెప్పుల్లో. వీధిలో కొందరు మందు కొట్టారు, కొందరు చీపుర్లతో కొట్టారు. వాళ్లనూ ఏమంటాం, చంటిపిల్లలున్న ఇళ్లు. సిస్టరమ్మ మాత్రల ఖాళీ డబ్బాలు తెచ్చి, మూతలకు సూదితో బొక్కలు పెట్టి, గ్లాసు బోర్లించి ఒక్కొక్కదాన్నీ పట్టారు. దేనికి అది వేరుగా. "ఒకే దాంట్లో ఏస్తే ఒకదాన్నొకటి తింటాయి టీచరమ్మా, మన మాదిరే."

పట్టినవి ఎక్కడ వదలాలి? దగ్గర్లో అన్నీ టమాటా తోటలు, మందు కొట్టకుండా ఏ తోటా నిలవదు. చివరికి ఆమెకే తట్టింది. మల్బరీ తోటలో మందు కొట్టరు, కొడితే ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చస్తాయి. ఒక ఆదివారం చర్చి మానేసి, గుడ్డ సంచి నిండా డబ్బాలతో ఇద్దరం ఆటో ఎక్కి పెద్దపంజాణి దారిలో ఒక తోట దగ్గర దిగాం. కాలువ పక్కన పెద్దాయన పార పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏముందమ్మా ఆ సంచిలో?"

"సాలీళ్లు."

"సాలీళ్లా! నా తోటలో యాల?"

"మీరు మందు కొట్టరని."

"కొడితే నా పురుగులు యాడ బతుకుతాయి?"

"అందుకే ఈడికి తెచ్చినా. మీ పురుగులు షెడ్డులో ఉంటాయి. ఇవి నేలను ఇడిసి పోవు. మీ పురుగుల జోలికి రావు."

ఆయన ఒక డబ్బా తీసుకుని వెలుగుకు ఎత్తి చూశాడు. లోపల తల్లి, వీపున పిల్లలు. కాసేపు చూసి తిరిగిచ్చాడు. "వదులుకో తల్లీ. ఈ నేల ఏమన్నా అరిగిపోతుందా," అన్నాడు. గట్టు వెంబడి ఎండుటాకుల్లో ఒక్కొక్క డబ్బా మూత తీశాం. కొన్ని వెంటనే పరిగెత్తాయి. కొన్ని డబ్బా అంచున ఆగి, చాలాసేపు కదల్లేదు.

తిరుగు దారిలో ఆటోలో సిస్టరమ్మ ఖాళీ సంచిని ఒళ్లో పెట్టుకుని బయటికి చూస్తున్నారు. సంతోషంగా ఉన్నారనుకున్నాను. ఊరు దగ్గరపడుతుండగా నా చేయి గట్టిగా పట్టుకున్నారు.

"టీచరమ్మా, పాపను యాడ పెట్టొచ్చినాం?"

"ఏ పాప సిస్టరమ్మా?"

ఆమె నా ముఖంలోకి చూశారు. తర్వాత సంచిలోకి చూశారు. "ఏం లేదులే," అన్నారు. చేయి మాత్రం వదల్లేదు.

అలసట అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. ఆ తర్వాత పాలు పొంగిపోవడం, గేటు తీసి పెట్టేయడం, ఒకే మాట మళ్లీ మళ్లీ అడగడం మొదలయ్యాయి. చెల్లెలి కూతురు వచ్చి డాక్టరుకు చూపించింది. ఇది మరుపు జబ్బు, నెమ్మదిగా పెరుగుతుంది, తగ్గేది కాదు అన్నారు. మందు రాశారు. జబ్బుకంటే, ఆ అమ్మాయి మందు చీటీని మడిచిన తీరు చూసి నాకు ఎక్కువ భయమేసింది. చాలా నెమ్మదిగా, మడత మీద మడత.

ఒక రోజు తెల్లారేసరికి ఇంట్లో లేరు. వీధంతా వెతికాం. చివరికి బస్టాండులో దొరికారు. ఉతికిన తెల్లచీర కట్టుకుని, మదనపల్లె బస్సులో ముందు సీట్లో కూర్చుని ఉన్నారు. కండక్టరు బస్సు కదలనీయకుండా ఆపి ఉంచాడు.

"దిగండి సిస్టరమ్మా, ఇంటికి పోదాం."

"డ్యూటీకి లేటయింది. వదులు."

"మీరు రిటైరయినారు కదా."

ఆమెకు కోపం వచ్చింది. నేను చూసిన ఒకే ఒక్క కోపం. "నేను రిటైరైతే వార్డులో ఎవురుండారు మరి? సెప్పు!" అన్నారు. బస్సులో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. కండక్టరు వచ్చి, "సిస్టరమ్మా, ఈరోజు మీకు సెలవంట. పెద్ద డాక్టరమ్మ సెప్పమనింది" అన్నాడు. ఆ మాటకు దిగారు. ఆ కండక్టరు ఎవరో నాకు తెలియదు. ఇప్పటికీ ఆ బస్సు ఎక్కినప్పుడల్లా అతని కోసం చూస్తాను.

తువ్వాలు సంగతి ఆ తర్వాతది. మడిచిన తువ్వాలును చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తల వైపు మోచేతి మడతలో పెట్టుకుని, పైట కప్పి తిరగడం మొదలుపెట్టారు. అన్నం తినేటప్పుడు కూడా దించరు. చెల్లెలి కూతురు తీసేయబోతే పసిపిల్లలా ఏడ్చారు. గోడ వైపు తిరిగి, ఒళ్లంతా అడ్డం పెట్టి దాన్ని కాపాడుకున్నారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది, ఏదైనా చెప్పండక్కా అన్నట్టు. నాకు రాళ్లకుప్ప దగ్గర ఆమె అన్న మాటే గుర్తొచ్చింది. అది కాదని చెప్పేదెట్ల? తీసి ఏం ఇస్తాం?

మా అత్త అక్కడే ఉంది. చీపురు ఎత్తిన మా అత్తే. మెల్లగా వెళ్లి పక్కన కూర్చుని, "పాప పాలు తాగిందా సిస్టరమ్మా?" అని అడిగింది.

"ఇప్పుడే తాగింది," అన్నారు సిస్టరమ్మ, కళ్లు తుడుచుకుని. "ఆడపిల్ల. బాగుండాది."

ఆ రోజు నుంచి మేమందరం అదే అడిగాం. అంతకు మించి చేయగలిగింది ఏమీ కనిపించలేదు.

ఒంటరిగా ఉంచడం ఇక కుదరదని చెల్లెలి కూతురు కుప్పం తీసుకుపోయింది. ఆ అమ్మాయి ప్రైవేటు బడిలో పనిచేస్తుంది. భర్త తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి వస్తాడు. పగలు చూసుకునే మనిషి కోసం చాలా తిరిగారు. వచ్చినవాళ్లు నిలవలేదు.

మాకు దసరా సెలవులు ఇవ్వగానే చూడ్డానికి వెళ్లాను. ఆ అమ్మాయి బడికి ఇంకా సెలవులు రాలేదు. బయట గేటుకు తాళం. సిస్టరమ్మ వరండాలో ఇనుప చువ్వల వెనక కుర్చీలో కూర్చుని ఉన్నారు. తువ్వాలు ఒళ్లో ఉంది. కాసేపటికి ఆ అమ్మాయి బడి నుంచి ఆయాసపడుతూ వచ్చి తాళం తీసింది.

"మధ్యాన్నం ఒక్క పరుగు, సాయంత్రం ఒక్క పరుగు అక్కా. తాళం ఏసి పోతాండాను. పాపమో పుణ్యమో నాకు తెలీదు. ఏం సేసేది, మీరే సెప్పండి," అంది.

ఎవరినైనా తప్పు పట్టగలిగితే మనసు కొంచెం తేలికపడేదేమో. తప్పు పట్టదగ్గ మనిషి ఆ ఇంట్లో ఎవరూ లేరు.

సిస్టరమ్మ నన్ను గుర్తుపట్టలేదు. తల వంచి వరండా నేలను చూస్తున్నారు. గచ్చు నేల, కడిగి తుడిచి శుభ్రంగా ఉంది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూపు పోతోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. ఏం చూస్తున్నారో నాకు తెలుసు అనుకున్నాను. బహుశా అది నా ఆశ. ఏమీ చూడకపోయి ఉండవచ్చు. మా వీధి సంగతులు, మా అత్త సంగతులు చెప్పాను. మల్బరీ తోట గురించి చెప్పాను. వినలేదు. నేను లేవబోతుంటే తలెత్తారు.

"నువ్వు యాడ పుట్టినావమ్మా?"

నేను పుట్టింది మా అమ్మమ్మ ఇంట్లో, మంత్రసాని చేతుల్లో. "మదనపల్లెలో సిస్టరమ్మా," అన్నాను.

ఆ ముఖం ఒకప్పటిలా వెలిగింది. "అయితే నిన్ను నేనే ఎత్తుకునింటా," అన్నారు. చేయి చాచి నా చెంప తాకారు. ఆ చేతికి సబ్బు వాసన లేదు.

మళ్లీ వెళ్దామనుకుంటూ ఉండగానే ఫోన్ వచ్చింది.

మదనపల్లెలో సమాధుల తోటకు ఎక్కువ మంది రాలేదు. ఆమెతో పనిచేసినవాళ్లలో ఇద్దరు ముసలి నర్సులు ఒకరి చేయి ఒకరు పట్టుకుని వచ్చారు. పాస్టరు అయ్యగారు క్లుప్తంగా, బాగా మాట్లాడారు. పాట పాడారు. సన్నగా చినుకులు పడుతున్నాయి. తలా పిడికెడు ఎర్రమట్టి వేశాం. అందరూ ప్రార్థనలో తలవంచినప్పుడు నేను సమాధుల నడుమ గడ్డిలో వెతికాను. ఒక్కటైనా కనబడుతుందేమోనని. రాళ్లున్నాయి, గడ్డి ఉంది, ఎండుటాకులున్నాయి, కావలసినవన్నీ ఉన్నాయి. సాలీడు మాత్రం కనబడలేదు. అలాంటివి మనకు కావలసినప్పుడు కనబడవు.

అందరూ వెళ్లిపోయాక చెల్లెలి కూతురూ నేనూ చర్చి మెట్ల మీద కూర్చున్నాం. ఆమె భర్త ఎవరితోనో మాట్లాడుతూ గేటు దగ్గర ఉన్నాడు. ఆ అమ్మాయి ఏడవలేదు. నేను తెచ్చిన ఫ్లాస్కులోంచి టీ పోసిస్తే తాగింది. ఉన్నట్టుండి ఫోన్‌లో టైము చూసుకుని గబుక్కున లేచింది. పక్కన విప్పిన చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది.

"పోవాలక్కా, లేటైపోయింది. పెద్దమ్మ ఒక్కతే..."

అంతవరకు అని ఆగిపోయింది. చినుకుల్లో రెండు మెట్లు దిగిన చోటే కొంతసేపు నిలబడింది. తర్వాత వెనక్కి వచ్చి, చెప్పులు విప్పి, నా పక్కన మళ్లీ కూర్చుంది.